ఎముకల గుడిలో అల్జిరా జడ

మా ఊళ్లో ఆడపిల్ల జడ కోసి ఎముకల గుడిలో కట్టిందంటే ఆ జడ ఇక ఆమెది కాదు, చచ్చినవాళ్లది. అల్జిరా తన జడ తిరిగి కావాలని అడిగినప్పుడు నాకు ముందు తట్టింది ఇదే. ఆ అడిగే మనిషి ఇంకెన్నాళ్లో ఉండదన్న సంగతి ఆ తరువాత తట్టింది. నేనెప్పుడూ ఇంతే, ముందు రావలసింది నాకు వెనక వస్తుంది.

ఆస్పత్రి మందు ఎక్కించాక ఆమె జుట్టు రాలిపోయింది. దిండు మీద, పళ్లెంలో, నా చొక్కా మీద కూడా దొరికేది. కోడి ఈకలు ఊడ్చినట్టు ఊడ్చి పొయ్యిలో వేసేది. ఏడవలేదు. తలకు నల్ల గుడ్డ కట్టుకుని ఎప్పటిలాగే చిక్కుడు గింజలు ఒలుచుకుంటూ కూర్చునేది. నేను బస్సెక్కి పట్నం పోయి ఒక సవరం టోపీ కొనుక్కొచ్చాను. తెరిచి చూసి, తీసుకెళ్లి వంటింట్లో సారా కూజా మీద బోర్లించింది.

"కూజాకి బాగా నప్పింది. అచ్చం మీ చెల్లెల్లా ఉంది," అంది.

మా చెల్లెలు కూడా అలాగే మూతి బిగించుకుని ఉంటుంది, అది నిజమే. కానీ నాకు నవ్వు రాలేదు. చేసిన పని నచ్చలేదంటే నాకు కోపం వస్తుంది, ఎదుటి మనిషికి ఒంట్లో బాగున్నా లేకపోయినా. ఆ రోజంతా పెరట్లో కూర్చుని గొడ్డలి నూరాను. సీసా బిరడాలు చేసే చెట్ల బెరడు ఒలిచే కాలం ఇంకా రాలేదు, గొడ్డలికి పదును అక్కర్లేదు. అయినా నూరాను.

ఆ సాయంత్రమే ఆమె అడిగింది.

మా ఊరి శ్మశానం చిన్నది. పూడ్చిన కొన్నేళ్లకు గొయ్యి తెరిచి, ఎముకలు పైకి తీసి కడిగి, చిన్న పెట్టెలో సర్ది గోడ అరలోకి ఎక్కిస్తారు. ఆ చోటు ఇంకొకరికి కావాలి కదా. తీసేటప్పుడు ఇంటివాళ్లు దగ్గర నిలబడాలి. మా అత్తగారిని తీసిన రోజు నేనూ ఉన్నాను. తవ్వేవాడు పుర్రె అందిస్తే అల్జిరా దాన్ని చేతుల్లో తిప్పి తిప్పి చూసింది. పక్కింటామెది ఇచ్చినా అలాగే చూసేది. ఇంతలో మట్టిలో జుట్టు ముడి కనబడింది. కొమ్ము దువ్వెన గుచ్చింది గుచ్చినట్టే ఉంది, వెంట్రుకలు నెరిసినంత వరకు నెరిసి, మిగతావి గోధుమ రంగులోనే ఉన్నాయి. అప్పుడు "అమ్మా" అంది. సంతలో ఎదురుపడిన మనిషిని పలకరించినట్టు అంది.

"నన్ను తీసే రోజు మన అమ్మాయి వచ్చి నిలబడుతుంది. దాని చేతిలో ఏం పెడతారు? ఉల్లిగడ్డా? నా జడ నాకు కావాలి, వెనాన్సియు. జడతోనే నన్ను శవపెట్టెలో పెట్టాలి."

కాదనడానికి ఏముంది? మా కాపురంలో ఆమె నన్ను అడిగినవి తక్కువ. అడిగితే ఏం జవాబు వస్తుందో తెలిసి మానేసి ఉంటుంది.

ఆ జడ ఆమె నా కోసం కట్టింది. సైన్యం నన్ను సముద్రం అవతల అంగోలా యుద్ధానికి పంపినప్పుడు ఆమెకు పెళ్లి ఈడు. మోకాళ్ల దాకా ఉండే జడ. నేను ప్రాణాలతో తిరిగి రావాలని మొక్కి, మెడ దగ్గర కోయించుకుని, నీలం రిబ్బను కట్టి గుడిలో వేలాడదీసింది. నేను వచ్చాను. పెళ్లి చేసుకున్నాం. జుట్టు మళ్లీ పెరిగింది కానీ అంత పొడుగు ఎప్పుడూ రాలేదు.

గుడి తాళం కాసిల్డా అత్త దగ్గర ఉంటుంది. వాళ్లమ్మ దగ్గర ఉండేది, ఆమె తరువాత ఈమెకు వచ్చింది. పాదిరీలు మారతారు గాని తాళం ఆ ఇల్లు దాటదు. నేను వెళ్లేసరికి గడప మీద కూర్చుని మెడ మీద ఎండ కాచుకుంటోంది. సంగతి చెప్పాను. చాలా మర్యాదగానే చెప్పాను, నా మట్టుకు.

"మొక్కు తీరిందా లేదా?" అంది.

నీ ఎదురుగా నిలబడి ఉన్నాను కదా అన్నాను.

"అయితే జడ వాళ్లది."

చిమ్మటలు కొట్టేస్తున్నాయి, ఇంకొన్నాళ్లకు రిబ్బను తప్ప ఏమీ మిగలదు, ఎవరికి లాభం అని అడిగాను.

"కొట్టనీరా. చిమ్మటలు కూడా ఈ ఊరివే."

నాకు ఒళ్లు మండింది. అడ్డమైన దేశాలవాళ్లు టిక్కెట్టు కొనుక్కుని వచ్చి మా తాతల మొహాల మీద దీపాలు వెలిగించి ఫోటోలు తీసుకోవచ్చు, నా పెళ్లాం తన నెత్తి మీద పెరిగిన వెంట్రుకలు తను తీసుకోకూడదా అని అడిగాను. గొంతు పెరిగే ఉంటుంది, ఎదురింటి కిటికీ తెరుచుకుంది. కాసిల్డా అత్త నా మాటలన్నీ అయ్యేదాకా ఆగి, పద్ధతి ఏమిటో చెప్పింది. తీరిన మొక్కు తాలూకు జడ అడగడానికి లేదు. తీరకపోతే కట్టిన మనిషే స్వయంగా రావాలి, పూచీ ముందు నిలబడి తీరలేదని తన నోటితో చెప్పాలి. అప్పుడు తాళం ఉన్న మనిషి ముడి విప్పి ఇస్తుంది. యుద్ధంలో కుర్రాళ్లు పోయిన ఇళ్ల ఆడవాళ్లు అలాగే వచ్చి తీసుకెళ్లారట.

"అబద్ధం చెప్పి తీసుకుంటే?" అన్నాను.

"తీసుకోమను. నేను ముడి విప్పేదాన్నే. తూకం వేసేదాన్ని కాదు."

పూచీ అంటే మొక్కుకునే పిల్ల ఎంచుకున్న పుర్రె. ఆ గుడి గోడలన్నీ ఎముకలే. శ్మశానాలు నిండిపోయిన కాలంలో సన్యాసులు ఊరి ఎముకలన్నీ బండ్ల మీద తెచ్చి, సున్నం గచ్చులో పొదిగి, స్తంభాల దగ్గర్నుంచి కప్పు దాకా కట్టేశారు. బయటివాళ్లు లోపలికి అడుగు పెట్టగానే గుండె మీద చెయ్యి వేసుకుంటారు. మాకు అది చుట్టాల ఇల్లు. మూలనున్న పళ్లన్నీ మిగిలిన పుర్రె మా వంశానిదే అని మా నాయనమ్మ వాదించేది, మా వంశంలో ఎవరికీ పిప్పి పన్ను లేదు కాబట్టి. అల్జిరా ఎంచుకున్నది నుదురు పగిలిన పుర్రె. దెబ్బ తిని చచ్చినవాడికి సిపాయి బాధ తెలుస్తుందని ఆ వయసులో ఆమె లెక్క.

ఇంటికి వచ్చి చెప్పాను. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు, సోమవారం గుడికి బయటివాళ్లు రారు, ఆ రోజు పోయి "తీరలేదు" అని ఒక్క మాట అనేసి జడ తెచ్చుకుందాం అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది.

"అక్కడ నిలబడి అలా అనమంటావా?"

"మాటే కదా. వినడానికి వాళ్లకి చెవులు కూడా లేవు."

చిక్కుడు గింజల గిన్నె ఒళ్లోకి లాక్కుంది. ఒప్పుకుందనుకున్నాను.

సోమవారం బయలుదేరాం. మా వీధి ఎత్తు. నా చెయ్యి పట్టుకుని ఆగి ఆగి నడిచింది. ఆగిన చోటల్లా ఎవరో ఒకరు కుర్చీ తెచ్చి వేశారు. గౌడెన్సియు తన ఇంటి ముందు గోడకు వెల్ల వేస్తున్నాడు. వాడూ నేనూ ఒకే రైలు ఎక్కి ఒకే ఓడలో అంగోలా పోయాం. కుంచె చేత్తో పట్టుకునే ఆమెను కూర్చోబెట్టాడు.

"ఏం అల్జిరా, మావాణ్ని ఎముకల గుడిలో అమ్మేయడానికి తీసుకెళ్తున్నావా?"

"ఎవరు తీసుకుంటారు గౌడెన్సియూ? గోడల్లో ఉన్నవాళ్లే ఇంతకన్నా నవ్వుమొహంతో ఉన్నారు."

వాడు కుంచెలోని సున్నం కాళ్ల మీద చిందేటట్టు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, దగ్గు వచ్చేదాకా. నేను ఎండ ఎక్కుతోంది పద అన్నాను.

కాసిల్డా అత్త తలుపు తీసి మమ్మల్ని లోపలికి రానిచ్చి మళ్లీ వేసేసింది. లోపల చల్లగా, బావిలో దిగినట్టు ఉంది. పైన చిన్న కిటికీల్లోంచి వెలుతురు పడి, తొడ ఎముకల గుండ్రటి చివరలు పాత సబ్బు ముక్కల్లా మెరుస్తున్నాయి. జడలన్నీ కుడి చేతి గోడకు, పుర్రెల వరస కింద ఇనప కడ్డీకి వేలాడుతున్నాయి. దుమ్ము పట్టి అన్నీ ఒకటే రంగయ్యాయి. ఏది పెళ్లికూతురు కట్టిందో, ఏది తల్లి కట్టిందో రిబ్బన్లు చూసి చెప్పాలి, ఆ రిబ్బన్లు కూడా వెలిసిపోయాయి. నేను వెతుకుతూనే ఉన్నాను. అల్జిరా తిన్నగా పోయి ఒక దాని ముందు ఆగింది. పైనున్న పుర్రెకు నుదుటి మీద బీట.

"ఏం మావయ్యా, ఎలా ఉన్నావు?" అని పలకరించింది.

కాసిల్డా అత్త ముక్కాలిపీట తెచ్చి ఆమెను కూర్చోబెట్టింది. తరువాత నా వైపు తిరిగి, నువ్వు బయటికి పోరా అంది. ఎందుకు, నా గురించే కదా మాట అన్నాను. అందుకే అంది. అల్జిరా తల తిప్పలేదు. నేను బయటికి వచ్చాను.

పక్కనే చర్చి వెనక నడవా, మధ్యలో నారింజ చెట్లు. గట్టు మీద కూర్చున్నాను. సిగరెట్టు వెలిగించి నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాను. ఆమె ఆ మాట అనదని నాకు అప్పుడు తోచింది. అనదు, అనలేని మనిషి. పాదిరీ పోయిన ఏడాది ప్రసంగమే మళ్లీ చెప్పాడని నడివీధిలో ఆయన మొహం మీదే చెప్పిన మనిషి. మంత్రసానితో "ఈ పిల్ల నాలాగా లేదు, పాపం వాళ్ల నాన్నలా ఉంది" అన్న మనిషి. అబద్ధం ఆమె నోట పుట్టదు. ఒట్టి చేతులతో బయటికి వస్తుంది, నేను తిడతాను, తరువాత నిచ్చెన పట్టుకొచ్చి తాళం పగలగొట్టైనా ఆ జడ తెచ్చి ఇస్తాను. ఏ గునపం తీసుకురావాలో కూడా అనుకున్నాను.

అక్కడ కూర్చున్న కొద్దీ నాకు ఇంకొకటి తెలిసింది. ఆమె ఒట్టి చేతులతో రావాలనే నేను కోరుకుంటున్నాను. చావబోయే మనిషి కోరిన ఒక్క కోరికా తీరకూడదని, ఆమె మొగుణ్నైన నేను, నారింజ చెట్టు కింద కూర్చుని కోరుకున్నాను. జడతో వచ్చిందంటే ఆ మాట నిజమని అర్థం. నిన్నటిదాకా ఆ మాట ఎంత చిన్నది. చెవుల్లేని వాళ్ల ముందు అనే మాట. ఇప్పుడు తలుపు వెనక ఆమె ఉంది, మాట ఉంది, నేను బయట ఉన్నాను. లోపలికి పోయి వద్దు పద అనాలనిపించింది. లేవలేదు.

తలుపు తెరుచుకుంది. అల్జిరా గోడ పట్టుకుని వచ్చింది. రెండో చేతిలో జడ ఉంది, చంటిపిల్లను పట్టుకున్నట్టు గుండెకు ఆనించుకుని. వెనక కాసిల్డా అత్త నా మొహం చూడకుండా తాళం వేసుకుంటోంది.

"ఏం చెప్పావు?" అన్నాను.

"అడిగినదానికి జవాబు చెప్పాను."

"అబద్ధమే కదా."

"అంతమంది ముందా?" అంది. కోపం లేదు ఆ గొంతులో. పద ఇంటికి, ఆకలేస్తోంది అంది. ఎన్నో వారాలుగా ఆమె అనని మాట అది.

ఇంట్లో నేనే పొయ్యి ముట్టించాను. కొత్తిమీర, వెల్లుల్లి, ఉప్పు కలిపి నూరి, ఆలివ్ నూనె పోసి, ఎండిన రొట్టె తుంచి వేసి పైన మరిగిన నీళ్లు పోశాను. గుడ్డు కొట్టి వేశాను. ఆమె సగం గిన్నె తింది. జడ బల్ల మీద మా ఇద్దరి మధ్య ఉంది. నేను దాన్ని చూడకుండా తిన్నాను, అది కుదరలేదు.

"నేను వచ్చాను కదా అల్జిరా," అన్నాను చివరికి. "ఊరంతా చూసింది. నువ్వే స్టేషన్‌కి వచ్చావు."

"నువ్వొచ్చావు. కాదనలేదు." చెంచా గిన్నెలో పెట్టింది. "నేను మొక్కింది రైలు కిటికీలోంచి తల బయట పెట్టి పాట ఎత్తిన కుర్రాడి కోసం. బండి కదిలినా ఆపలేదు. ప్లాట్‌ఫారం మీద వాళ్లందరూ అందుకున్నారు. వాడు రావాలని మొక్కాను."

బెరడు ఒలిచే చోట, ద్రాక్ష కోతల దగ్గర, సారా కొట్లో, మా ఊళ్లో పాట ఎత్తేది నేనే. ఒకడు ఒంటరిగా మొదటి చరణం ఎత్తుతాడు, తరువాత మగవాళ్లందరూ భుజాలు ఆనించుకుని అందుకుంటారు. వచ్చాక నేను ఎత్తలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఇంకొకడు ఎత్తాడు. వచ్చాక నన్ను నిద్ర లేపాలంటే ఆమె చీపురు కర్రతో దూరం నుంచి కాలు తాకేది. మా అమ్మాయి కూడా అలాగే నేర్చుకుంది. ప్రతి ఇంట్లో నాన్నలను అలాగే లేపుతారని అది చాలాకాలం అనుకుంది.

"వాడేమయ్యాడు మరి?" అన్నాను. ఎగతాళిగా అందామనుకున్నాను, అలా రాలేదు.

"నాకేం తెలుసు? వాణ్ని ఆఖరిసారి చూసింది నువ్వే కదా."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. తెలుసుకోవాలనే అడిగింది. తిరిగి వచ్చిన నాటి నుంచి ఆమె ఆ కబురు కోసం ఎదురుచూసి ఉంటుంది. నేను చెప్పలేదు, ఆ రోజు కూడా చెప్పలేదు. గిన్నెలు తీసి కడగడానికి లేచాను. అప్పుడు కూర్చుని ఏదో ఒకటి చెప్పి ఉంటే బాగుండేది. తెలిసినంత, వచ్చినంత. రాత్రిళ్లు ఆ బల్ల దగ్గర కూర్చుంటే ఇప్పుడు మాటలు వస్తున్నాయి. వినే కుర్చీ ఖాళీ.

మరునాడు తొట్టిలో నీళ్లు పోసి జడ కడిగాను. ఆమె పక్కన కూర్చుని, అల్లిక విప్పొద్దు, పిండొద్దు, బట్టలు ఉతికినట్టు ఉతక్కు అని చెబుతూనే ఉంది. నీళ్లు మార్చిన కొద్దీ మట్టి వచ్చింది. సున్నం పొడి వచ్చింది. ఆఖరికి రంగు బయటపడింది, చెస్ట్‌నట్ కాయ పెంకులాంటి ముదురు గోధుమ రంగు. ఎండలో తాడు మీద ఆరేశాను. పిచ్చుక ఒకటి వచ్చి పీకబోతే ఆమె కూర్చున్న చోటు నుంచే కర్ర విసిరింది.

ఈస్టరు ముందు పెద్ద ఉపవాసాల కాలంలో ఆమె పోయింది. మా అమ్మాయి సెతూబల్ నుంచి వచ్చి తల్లిని కడిగి, మంచి నల్లగౌను వేసి, తల గుడ్డకు పిన్నులతో జడ అమర్చింది. శవపేటికను మధ్యాహ్నం చర్చి పక్క గదిలో పెట్టారు. ఊరు రావడానికి ఇంకా కొంచెం టైము ఉంది. అమ్మాయి జడను భుజం వెనక్కి తోసి, పైన లేసు గుడ్డ కప్పింది. నేను చూస్తున్నానని తెలిసి నా దగ్గరకు వచ్చింది.

"కనబడకపోతే మంచిది నాన్నా. నువ్వు పక్కనే కూర్చుంటావు. జనం నిన్ను చూస్తారు, దాన్ని చూస్తారు. ఏమనుకుంటారు?"

ఏమనుకుంటారో నాకు తెలుసు. వెనక్కి తీసుకున్న జడ అంటే ఏమిటో ఆ ఊళ్లో ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. అది ఎవరి కోసం కట్టిందో కూడా అందరికీ తెలుసు. లేసు కింద ఉన్నా ఆమెతోపాటే పోతుంది, ఆమె అడిగింది అంతే. గుడ్డ తీయనక్కర్లేదు. కాసేపు కూర్చున్నాను. తరువాత లేచి లేసు పక్కకు జరిపి, జడను భుజం మీదుగా ముందుకు తెచ్చి, చేతుల దాకా పరిచాను. పెళ్లికి ముందు అలాగే వేసుకునేది. నీలం రిబ్బను ఆమె వేళ్ల మీద పడింది. నా చేతులు పాడు చేతులు, గొడ్డలి పట్టిన చేతులు. ఒక పిన్ను ఊడింది, అమ్మాయి మళ్లీ పెట్టింది.

జనం వచ్చారు. ఆడవాళ్లు అల్జిరా మొహం చూశారు, జడ చూశారు, తరువాత నన్ను చూశారు. ఒకావిడ నోటికి శాలువా అంచు అడ్డం పెట్టుకుంది. కాసిల్డా అత్త సిలువ గుర్తు వేసుకుని, రిబ్బను ముడి ఒకసారి సరిచేసి, పోయి మూల కూర్చుంది. నేను తల వంచుకోలేదు. ఎటు చూడాలో కూడా తెలియలేదు.

గౌడెన్సియు గడ్డం గీసుకుని, టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. అల్జిరా ముందు నిలబడి ప్రార్థన చేసుకున్నాడు. జడ వైపు చాలాసేపు చూశాడు. తరువాత నా దగ్గరకు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు, వదలలేదు. చావు ఇంట్లో ఏమనాలో అందరికీ తెలుసు, వాడు అది అనలేదు.

"వాడు మంచి కుర్రాడురా వెనాన్సియు," అన్నాడు.

"అవును," అన్నాను.

వాడు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.